ఎండాకాలం వస్తే ఊరంతా వేదికే

కోతలైపోయాయి. తొలకరికి ఇంకా గడువుంది. ఈ నడుమ రోజుల్లో ఆమదాలవలస చుట్టుపక్కల పల్లెలు కళాకారుల పరమవుతాయి. పైకప్పు అక్కర్లేని సిక్కోలు (శ్రీకాకుళం) కళల మీద ఈ వారం ముఖచిత్ర కథనం.

శ్రీకాకుళానికి రైలెక్కాలన్నా దిగాలన్నా ఆమదాలవలసకే రావాలి. స్టేషన్ బోర్డు మీద ‘శ్రీకాకుళం రోడ్’ అని ఉంటుంది గానీ ఊరు మాత్రం ఆమదాలవలసే. చైత్రం మొదలైన దగ్గర్నుంచి ఈ ప్లాట్‌ఫాం మీద పిల్లాజెల్లాతో, సంచులతో దిగేవాళ్ళు ఎక్కువవుతారు. హైదరాబాదుకో, చెన్నైకో, విశాఖకో తాపీ పనికీ కంపెనీ పనికీ వలసపోయి అక్కడే ఉండిపోయినవాళ్ళు వీళ్ళు. సంక్రాంతికి సెలవు దొరక్కపోయినా సరిపెట్టుకుంటారు. ఈ పండక్కి మాత్రం ఎలాగోలా వస్తారు. ఏం పండగా అని క్యాలెండర్ తిరగేస్తే కనిపించదు. అది ఊరి అమ్మవారి సంబరం. ఒక ఊళ్ళో ఏటా జరుగుతుంది, పక్క ఊళ్ళో మూడేళ్ళకో ఐదేళ్ళకో ఒకసారి. తేదీ పెట్టేది ఊరి పెద్దలు.

ఆ తేదీ తెలిశాక ఫోన్లలో అడిగే మొదటి ప్రశ్న, “తొలేళ్ళు ఎప్పుడు?” అని. తొలేళ్ళంటే పండగ ముందటి రాత్రి. ఘటాలు వీధుల్లోకి వస్తాయి, డప్పులు మోగుతాయి, ఊరికి పిలిపించిన జట్లన్నీ దిగుతాయి. తెల్లారేదాకా ఎవరూ పడుకోరు.

నగరాల్లో కళల పండగంటే ఒక మైదానం, వరసగా గుడారాలు, ఒక వేదిక, ముందు కుర్చీలు. సిక్కోలు పల్లెల్లో ఆ వరస ఉండదు. రామమందిరం ముందు ఒక ఆట, చెరువు గట్టు దగ్గర ఇంకో పాట, సంత బయల్లో నాటకం. చూసేవాళ్ళు ఒకచోట కూర్చోరు, ఒక జట్టు దగ్గర్నుంచి ఇంకో జట్టు దగ్గరికి తిరుగుతుంటారు. ఇక్కడి కళలు ఈ ఆరుబయటకీ ఈ తిరిగే జనానికీ తగినట్టుగానే తయారయ్యాయి. వాటి గొంతు, వాటి నిడివి, వాటి వేషం అన్నీ ఆ కొలతకే ఉంటాయి. అందుకే వీటిని హాల్లో కూర్చుని చూసినవాళ్ళు సగమే చూసినట్టు.

వేసవిలోనే ఎందుకంటే ముందు చెప్పుకోవాల్సింది పొలం సంగతి. నాగావళి, వంశధార కింద వరి కోతలు, నూర్పులు పుష్యమాసానికల్లా ముగుస్తాయి. ఆ తడిలో చల్లిన మినుము, పెసర ఫాల్గుణానికి ఇంటికి చేరతాయి. ఇక మృగశిర కార్తె దాకా భూమి ఖాళీ, మనిషి ఖాళీ, చేతిలో నాలుగు డబ్బులు. కోతలైన పొలమే ఆటస్థలం, గడ్డివామి పక్కనే జట్లకు విడిది.

రెండో కారణం జబ్బులు. ఒకప్పుడు ఎండలు ముదిరితే మశూచి, కలరా ఊళ్ళకు ఊళ్ళనే ఊడ్చేసేవి. ఒంటి మీద పొక్కులు లేస్తే ‘అమ్మవారు పోసింది’ అనేవారు. వేడెక్కిన తల్లిని చల్లబరచాలని పసుపు నీళ్ళు, వేపాకులతో ముర్రాటలు పోసేవారు, రాత్రంతా మేలుకుని ఆమెను ఆడించేవారు, పాడించేవారు. మన దేశంలో మశూచి చివరి కేసు నమోదైంది 1975లో. జబ్బు పోయి యాభై ఏళ్ళు దాటినా దానికోసం పుట్టిన ఆటలు, పాటలు, మేలుకునే రాత్రులు మిగిలాయి.

గుండె మీద తప్పెట

ఏ సంబరమైనా డప్పులతోనే మొదలు. అయితే డప్పు వాయించేముందు జరిగే పని ఒకటుంది, దగ్గరికెళ్ళి చూడదగ్గది. వీధి మలుపులో గుప్పెడు ఎండుగడ్డి పోగేసి నిప్పు పెడతారు. డప్పును మంటకు ఏటవాలుగా పట్టి మెల్లగా తిప్పుతారు. చర్మం మంట తగలకుండా సెగ మాత్రమే తగిలే దూరం అది. మధ్యమధ్య గోటితో అంచు మీద కొట్టి చెవి దగ్గర పెట్టుకుంటారు. మొద్దుగా పలికితే మళ్ళీ సెగ. ‘టంగ్’మని తిరగబడితే చాలు. సముద్రం దగ్గరున్న ఈ ప్రాంతంలో వేసవి రాత్రి గాలి తేమతో బరువెక్కి ఉంటుంది, అరగంట వాయించేసరికి చర్మం మళ్ళీ మెత్తబడుతుంది. అందుకే ఘటాల వెంట ఊరంతా తిరిగే డప్పుల జట్టు ప్రతి వీధి చివరా ఆగి గడ్డి మంట వేస్తుంది. పిల్లలకు ఆ మంటలే గుర్తు. మంట ఎక్కడ లేస్తే అక్కడికి పరిగెడతారు.

డప్పుల తర్వాత జనం కళ్ళు వెతికేది తప్పెటగుళ్ళ కోసం. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల్లో తప్ప ఇంకెక్కడా పుట్టని ఆట ఇది. గొర్రెల మందల వెంట తిరిగిన గొల్లలు తమ తల్లి గంగమ్మ కోసం, వాన కోసం ఆడిన ఆట. జట్టుకు పదిహేను ఇరవై మంది ఉంటారు. ఒక్కొక్కరి మెడలోంచి గుండె మీదికి ఒక గుండ్రటి రేకు తప్పెట వేలాడుతుంది. నడుముకీ కాళ్ళకీ గజ్జెలు. రెండు అరచేతులూ గుండె మీది తప్పెట మీద పడుతుంటాయి, కాళ్ళు మాత్రం వేరే లెక్కలో నడుస్తుంటాయి. గురువు పల్లవి ఎత్తుకుంటాడు, జట్టు అందుకుంటుంది. వలయం ముందుకు జరుగుతుంది, వెనక్కి విరుగుతుంది, ఉన్నట్టుండి ఒక్కసారిగా కూలబడి మళ్ళీ లేస్తుంది.

కథ కృష్ణుడి చిన్నతనం కావచ్చు, సారంగధరుడు కావచ్చు, రామాయణంలో ఒక ముక్క కావచ్చు. కథ మధ్యలో సాహసాలు మొదలవుతాయి. ఒకరి భుజాల మీద ఒకరు నిలబడి గోపురం కడతారు, ఆ గోపురమూ తప్పెట ఆపదు. నీళ్ళ కుండ నెత్తిన పెట్టుకుని తొణకకుండా గిరగిరా తిరుగుతారు. నేల మీద పెట్టిన నోటును చెయ్యి ఆనించకుండా వెనక్కి వంగి అందుకుంటారు. ఇరవై రేకు తప్పెటలు ఒక్క దెబ్బన మోగితే మూసిన హాల్లో చెవులు చిల్లులు పడతాయి. కోతలైన పొలంలో మాత్రం ఆ మోత పక్క ఊరికి వినపడేంత దూరం పోయి సరిగ్గా సరిపోతుంది. పక్క ఊరివాళ్ళను పిలిచేది కూడా ఆ మోతే.

తప్పెటగుళ్ళు ఒళ్ళు చూపిస్తే, జముకుల కథ చెవిని పట్టుకుంటుంది. కథకుడు, ఇద్దరు వంతలు. చంకలో ఇరికించుకున్న జముకు ఒకవైపు తోలుతో మూసి, రెండోవైపు ఖాళీగా ఉంటుంది. తోలు మధ్యలోంచి లాగిన తీగను మీటితే బిగువును బట్టి స్వరం మూలుగుతూ పైకీ కిందికీ పోతుంది. అమ్మవార్ల పుట్టుక కథలు చెప్పడానికి ఇంతకంటే తగిన వాద్యం లేదు. పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో 1943లో పుట్టిన ప్రజాగాయకుడు వంగపండు ప్రసాదరావు చిన్నప్పుడు విన్నదీ పెరిగిందీ ఈ బాణీల మధ్యే. 1972లో జననాట్యమండలి పుట్టినప్పటి నుంచి 2020 ఆగస్టులో కన్నుమూసేదాకా ఆయన పాట తెలుగుదేశమంతా తిరిగింది. దాని యాసా ఊపూ మాత్రం ఈ తొలేళ్ళ రాత్రులవే.

తూర్పు భాగవతం చూసే అదృష్టం అన్ని ఊళ్ళకీ ఉండదు. మగవాళ్ళే సత్యభామ వేషం కట్టి ఆడే ఈ ఆటలో మద్దెలగాళ్ళది వెనక నిలబడి తాళం వేసే పని కాదు. వేషగాడి కాళ్ళతో పోటీకి దిగుతారు. ఆమె ఒక జతి తొక్కితే వాళ్ళు దాన్ని మద్దెల మీద తిరిగి చెప్పాలి, వాళ్ళు కొత్తది వాయిస్తే ఆమె తొక్కాలి. ఈ పట్టుదలలో కథ ఒక గంట ఆగిపోయినా ఎవరూ గొడవ చెయ్యరు. చూడ్డానికొచ్చినవాళ్ళలో పాత తరం మనుషులు ఎవరు నెగ్గారో నిక్కచ్చిగా చెప్పగలరు.

ఇక సాము గరిడీ. కర్ర, కత్తి, బల్లెం తిప్పుతూ కుర్రాళ్ళు ఘటాల ముందు నడుస్తారు. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో కసరత్తు నేర్చి, సొంత సర్కస్‌తో దేశాలు తిరిగి కలియుగ భీముడనిపించుకున్న కోడి రామ్మూర్తి పేరు చెప్పకుండా ఇక్కడ ఏ తాలింఖానా గురువూ పాఠం మొదలుపెట్టడు.

పందిట్లో కథ, పద్యానికి వన్స్ మోర్

అమ్మవారి పండగలకు ముందే శ్రీరామనవమి పందిళ్ళు వేసవి ముగ్గు వేస్తాయి. తాటాకు చలువ పందిరి, బెల్లం పానకం, వడపప్పు, రాత్రికి హరికథ. ఒకే మనిషి పాడి, ఆడి, కథ చెప్పి, వాదించి, నవ్వించే ఈ కళకు పితామహుడైన ఆదిభట్ల నారాయణదాసు 1864లో బొబ్బిలి దగ్గర అజ్జాడలో పుట్టారు. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెట్టినప్పుడు తొలి ప్రిన్సిపాల్ ఆయనే. ద్వారం వెంకటస్వామి నాయుడు వయొలిన్ నేర్పింది కూడా అక్కడే. కళాశాలకు గోడలున్నా దాసుగారి అసలు పాఠశాల మాత్రం పందిరే. జనం లేచిపోకుండా తెల్లారేదాకా కూర్చోబెట్టడం పుస్తకాల్లో నేర్చుకునే విద్య కాదు.

పద్యనాటకం సంగతీ అంతే. బలిజేపల్లి లక్ష్మీకాంతం రాసిన సత్యహరిశ్చంద్ర లేకుండా ఉత్తరాంధ్రలో పండగ పూర్తి కాదంటే అతిశయోక్తి కాదు. అందులో హరిశ్చంద్రుడి వెంటబడి పీడించే నక్షత్రకుడి వేషంతో దశాబ్దాలపాటు ఊరూరా తిరిగిన శ్రీకాకుళం జిల్లా నటుడు యడ్ల గోపాలరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. సినిమాలు, టీవీలు లేని మనిషికి, సంత బయళ్ళలో నాటకమాడిన మనిషికి దేశం ఇచ్చిన గౌరవం అది. కాటి సీను అర్ధరాత్రి దాటాకే రావాలి, ఆ పద్యానికి వన్స్ మోర్ పడాలి, పడితే మళ్ళీ పాడాలి. నాటకాన్ని రెండు గంటలకు కుదించి ఆడమన్నవాళ్ళకు ఈ లెక్క అర్థం కాదు.

ఇంతకీ ఈ రాత్రుల్లో చేతిపనివాళ్ళు ఎక్కడ?

ఒకప్పుడు వాళ్ళు లేకుండా పండగ కదిలేది కాదు. ఇప్పుడూ కొంత మిగిలింది. ఘటం కుమ్మరి ఇంటి నుంచే రావాలి. మేదర్లు కొత్త చేటలు, బుట్టలు అల్లుకొస్తారు. తాటాకు విసనకర్రలు, నీళ్ళ కుండలు ఎండాకాలం సరుకే కాబట్టి అమ్ముడవుతాయి. వాటి పక్కన జీళ్ళు, ఖర్జూరం, గాజులు, రంగులరాట్నం. ఆ తర్వాత వరసంతా ప్లాస్టిక్కే. ఆమదాలవలసకు గంట, గంటన్నర లోపు దూరంలో దేశమంతా పేరుపడ్డ మూడు కళలున్నాయి. ఆ సరుకు మాత్రం ఈ వరసలో కనిపించదు. ఈ కథనం అడగదలచుకున్న ప్రశ్న కూడా ఇదే.

చేప పన్ను, సన్నటి నూలు

మొదటిది పొందూరు. ఆమదాలవలస నుంచి విజయనగరం వైపు రైలెక్కితే దూసి దాటగానే వచ్చే స్టేషన్. ఆంగ్లేయులు శ్రీకాకుళాన్ని చికాకోల్ అని పిలిచిన రోజుల్లోనే ఇక్కడి సన్నబట్టలకు పేరుండేది. స్వాతంత్ర్యోద్యమంలో ఆ పేరు గాంధీ చెవినపడింది, ఆయన కుమారుడు దేవదాస్ వచ్చి చూసి వెళ్ళారు. 1949లో ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం ఏర్పడింది. దాని భవనానికి 1955లో వినోబా భావే పునాది రాయి వేశారు. అక్కినేని నాగేశ్వరరావు కట్టిన పంచె ఎక్కడిదని అడిగితే ఆ తరం అభిమానులు పొందూరు పేరే చెప్పేవారు.

పొందూరు వాకిట్లో కూర్చున్న ఆడమనిషి చేతిలోని పనిముట్టును చూస్తే కొత్తవాళ్ళు నమ్మరు. అది వాలుగ చేప దవడ ఎముక. దాని మీద సూదిమొనల్లాంటి చిన్న పళ్ళు దగ్గరదగ్గరగా ఉంటాయి. గింజ తియ్యని పత్తిని ఆ పళ్ళతో దువ్వుతారు. దుమ్ము, ఆకు ముక్కలు పోతాయి, పోగులన్నీ ఒకవైపుకి సర్దుకుంటాయి. ఇనుప దువ్వెన పెడితే తెగిపోయే పోగు ఈ పళ్ళకు తెగదు. ఆ తర్వాత చెక్క పలక మీద పత్తి పెట్టి ఇనుప కడ్డీతో ఒత్తుతూ దొర్లిస్తే గింజ ముందుకు జారిపోతుంది, దూది వెనక మిగులుతుంది. ఆ దూదిని వింటితో ఏకుతారు, ఏకులు చుడతారు, చేతి చెమట అంటకుండా ఎండిన అరటి దొప్పలో పెట్టుకుని వడుకుతారు. రాట్నానికి ఒకే కదురు. ఇదంతా కరెంటు అక్కర్లేని పని, ఇళ్ళల్లో ఆడవాళ్ళు చేసే పని.

వచ్చేది నూరో నంబరు నూలు, అంతకంటే సన్నం కూడా. నూరో నంబరంటే పౌను నూలు, అంటే అరకిలోకి కాస్త తక్కువ, విప్పితే 84,000 గజాలు. కిలోమీటర్లలో దాదాపు 77. ఆమదాలవలస స్టేషన్‌లో ఒక కొస కట్టి రైలుతో పాటు పోనిస్తే విజయనగరం దాటాక కూడా ఇంకా మిగులుతుంది. అంత పొడవూ ఒక మనిషి వేళ్ళ మధ్య నుంచే జారాలి. ఈ లెక్క తెలిశాక పంచె ఖరీదు గురించి బేరమాడడం కష్టం.

రెండోది బుడితి. నరసన్నపేట మీదుగా సారవకోట మండలంలోకి వెళ్ళాలి. కంచు, ఇత్తడి పాత్రలకు ఈ పల్లె పెట్టింది పేరు, భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. రాగిలో తగరం కలిస్తే కంచు, తుత్తునాగం కలిస్తే ఇత్తడి. కరిగిన లోహాన్ని మట్టి అచ్చుల్లో పోసి, చల్లారాక అచ్చు పగలగొట్టి, గరుకు తీసి, మెరుగు పెడతారు. మెడ సన్నగా, పొట్ట గుండ్రంగా ఉండే చెంబుల మీద చుట్టూ గీతల పని బుడితి గుర్తు. స్టీలు, అల్యూమినియం వచ్చాక వంటింట్లోంచి ఇత్తడి పోయింది. కొలిమి ఆరిపోకుండా చాలా ఇళ్ళు బిందెలు మాని పూలకుండీలకు, అలంకరణ సామానుకు మళ్ళాయి. ఇదే ఊళ్ళలో అమ్మవారి గుడికి గంట కావాలంటే కమిటీ వాళ్ళు పట్నం వెళ్ళి యంత్రం మీద చేసినది కొనుక్కొస్తున్నారు.

మూడోది సవర బొమ్మలు. పాలకొండ దాటి ఘాట్ ఎక్కితే సీతంపేట. 2022 ఏప్రిల్ నుంచి అది పార్వతీపురం మన్యం జిల్లా. సవర గిరిజనుల ఇళ్ళల్లో ఎర్రమట్టి పూసిన గోడ మీద బియ్యప్పిండితో తెల్లగా వేసే బొమ్మలివి. ముందు ఒక చట్రం, అది ఇల్లు. లోపల సూర్యుడు, చంద్రుడు, ఏనుగులు, గుర్రాలు, చేతులు పట్టుకుని ఆడే మనుషుల వరసలు, డోలు కొట్టేవాళ్ళు. మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ ఒడిశా కొండల్లో ఈ బొమ్మలను ఏళ్ళ తరబడి నకలు తీసి 1951లో మధ్య భారత గిరిజన కళ మీద అచ్చు వేసిన పుస్తకంలో చేర్చాడు. అంతకు చాలా ముందే పర్లాకిమిడిలో పంతులుగా ఉన్న గిడుగు రామమూర్తి సవరల భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు తయారు చేశారు. తెలుగువాళ్ళు గిడుగును వాడుక భాష కోసమే తలుచుకుంటారు. సవరలు ఇంకో కారణంతో తలుచుకోవాలి.

ఒక్క మాట మాత్రం చెప్పాలి. ఈ కళలన్నిట్లో ఆరుబయటకి పుట్టనిది ఇదొక్కటే. సవర బొమ్మ చీకటి ఇంట్లో, పోయినవాళ్ళ ఆత్మలు వచ్చి కూర్చోవడానికి వేసేది. దాన్ని గుడ్డ మీదికీ కాన్వాసు మీదికీ దించి ఎండలో స్టాల్లో వేలాడదీయడం కొత్త అలవాటు. అయినా ఆ కొత్త అలవాటే ఇవాళ కొందరు సవర కుర్రాళ్ళకు పని ఇస్తోంది. గోడ మీది మొక్కు బొమ్మ వేరు, అమ్మకపు బొమ్మ వేరు అని వాళ్ళకు తెలుసు. కొనేవాళ్ళూ తెలుసుకుంటే మంచిది.

సరిహద్దు అవతల బరంపురం

పండగా చేతిపనీ ఒక్కచోట కలిస్తే ఎలా ఉంటుందో చూడాలంటే మరీ దూరం పోనక్కర్లేదు. ఆమదాలవలసలో హౌరా వైపు రైలెక్కితే రెండు మూడు గంటల్లో బరంపురం. అక్కడ బుఢీ ఠాకురాణి యాత్ర రెండేళ్ళకోసారి చైత్రంలో, దాదాపు నెల్లాళ్ళు సాగుతుంది. ఠాకురాణి అక్కడి దేరా నేతగాళ్ళ ఆడపడుచు. దేరాలు తెలుగు మూలాలున్న నేత కులం. కులపెద్దను దేశిబెహెరా అంటారు. గుడి వదిలి అమ్మవారు ఆ పెద్ద ఉండే వీధిలో వేసిన తాటాకు పందిట్లోకి పుట్టింటికి వస్తుంది. రోజూ రాత్రి ఘటం ఊరు తిరుగుతుంది. మొక్కుకున్నవాళ్ళు దేవుళ్ళ వేషాలు, పులి వేషాలు కట్టి వీధుల్లో ఆడతారు. పురాణ ఘట్టాల మట్టిబొమ్మలతో చెక్క రథాలు వీధి మలుపుల్లో నిలబడతాయి. వేషానికి రంగులు పూసేవాడు, రథం చెక్కేవాడు, బొమ్మ చేసేవాడు, డప్పు కొట్టేవాడు, బరంపురం పట్టు నేసేవాడు, అందరికీ ఆ నెల పని. పండగ పెద్ద నేతగాడు కావడం వల్ల అక్కడ చేతిపని పండగ అంచున లేదు, నడిమధ్యన ఉంది.

ఇంకా దూరం చూస్తే అమెరికాలో న్యూ మెక్సికో రాష్ట్రపు శాంటా ఫే పట్నంలో 1922 నుంచి వేసవిలో ఆదివాసీ కళాకారుల సంత జరుగుతోంది. కుండ చేసినావిడే కుండ పక్కన కూర్చుంటుంది, కొనేవాడు ఆమెతోనే మాట్లాడి కొంటాడు. కలకత్తా దుర్గాపూజను 2021 డిసెంబరులో యునెస్కో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ గుర్తింపు కుమర్టులీ మట్టిబొమ్మల పనివాళ్ళకూ, పందిరి కట్టేవాళ్ళకూ, డోలు కొట్టేవాళ్ళకూ కలిపి వచ్చింది.

మన దగ్గర ప్రభుత్వం చేసినవీ లేకపోలేదు. అరసవల్లి రథసప్తమిని రాష్ట్ర పండగ చేసి 2025లో మూడు రోజులు జరిపారు. డప్పు కళాకారుల పింఛను 2024లో నెలకు 4,000 రూపాయలైంది. రెండూ మంచివే. కానీ అధికారిక వేదిక మీద తప్పెటగుళ్ళ జట్టుకు దక్కేది పది పదిహేను నిమిషాలు. గోపురం కట్టేలోపు తర్వాతి జట్టు పేరు మైకులో చదువుతారు. రాత్రంతా నడవాల్సిన ఆటకు అది చాలదు. ఆ రాత్రిని ఇవ్వగలిగేది ఊరు మాత్రమే.

ఊరూ మారుతోంది. కమిటీ చందాల్లో పెద్ద వాటా ఇప్పుడు డీజే బాక్సులకు, రికార్డింగ్ డాన్సులకు పోతోంది. గుండెలదిరే ఆ మోతలో తప్పెట వినపడదు, జముకు అసలే వినపడదు. కుర్రాళ్ళకు డీజే వద్దని ఎవరూ చెప్పలేరు. అయితే తొలేళ్ళ రాత్రి డీజేకు ఒక వీధి, తప్పెటగుళ్ళకు ఇంకో వీధి అని ముందే విడదీసి, మధ్యలో మోత కలవకుండా చూసిన ఊళ్ళలో రెండుచోట్లా జనం ఉన్నారు. ఇది కమిటీ పెద్దల చేతిలో ఉన్న పని, దీనికి జీవో అక్కర్లేదు.

అలాగే చేతిపనివాళ్ళకు చోటు. జాతర బయల్లో ఆశీలు పాట పాడుకున్నవాడు అడుగు స్థలానికి ఇంత అని వసూలు చేస్తాడు. ప్లాస్టిక్ బొమ్మల వ్యాపారి వరసగా ఇరవై జాతరలు తిరుగుతాడు కాబట్టి కట్టగలడు. బుడితి కంచరి కట్టలేడు, పొందూరు వడికే ఆడమనిషి అసలే కట్టలేదు. గుడి ముందు నాలుగు అంగళ్ళ చోటు ఆశీలు లేకుండా వీళ్ళకు వదిలితే కమిటీకి పోయే డబ్బు కొద్ది. వలస నుంచి పండక్కి వచ్చి, తిరిగి వెళ్ళేటప్పుడు ఊరి గుర్తుగా ఏదో ఒకటి పట్టుకెళ్ళాలని చూసే మనిషికి మాత్రం అక్కడ పొందూరు తుండుగుడ్డో, బుడితి చెంబో దొరుకుతుంది. కొనే మనసు, కొనే డబ్బు రెండూ ఉన్న రోజు ఏడాది మొత్తంలో అదొక్కటే.

చూడాలనుకునేవారికి దారి సులువు. విశాఖ నుంచి హౌరా వైపు వెళ్ళే చాలా రైళ్ళు శ్రీకాకుళం రోడ్‌లో ఆగుతాయి. పొందూరుకు ప్యాసింజరు రైలూ ఉంది, ఆటోలూ ఉన్నాయి. బుడితికి నరసన్నపేటలో బస్సు మారాలి. సీతంపేటకు పాలకొండ మీదుగా వెళ్ళాలి, వారపు సంత రోజు చూసుకుని బయలుదేరితే కొండ సరుకూ చూడొచ్చు. పొందూరులో పొద్దుటిపూట వెళితే అరుగుల మీదే పని కనిపిస్తుంది. ఫొటో తీసేముందు ఒక మాట అడగాలి. సంబరాల తేదీలు ఇంటర్నెట్‌లో ఉండవు. స్టేషన్ బయట టీ కొట్టు దగ్గర, చైత్రం నుంచి జ్యేష్ఠం దాకా ఎప్పుడైనా, ఈ వారం తొలేళ్ళు ఏ ఊళ్ళో అని అడిగితే ఒకటికి మూడు పేర్లు చెబుతారు. వాటిలో తప్పెటగుళ్ళకు బయానా ఇచ్చిన ఊరేదో కూడా కనుక్కుని, అక్కడికి రాత్రి పది దాటాక చేరాలి.